ఇంటి గుట్టు - ఊరి నమ్మకము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేయబడిన ప్రసంగ పాఠము)



మంచినీరు, బాటలు, వీధి దీపములు, పారిశుద్ధ్యము మొదలగు వానిని గూర్చి మీకు చెప్పువారు చాలమంది కలరు. ఈ దినము మేము చెప్పబోవు విషయము కంటికి కనబడునది కాదు. ఐనను ఒక కుటుంబము కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో మాయమగుటకు, ఒక ఆడుబిడ్డ బడికి పోవుట మానుకొనుటకు, ఒక్కొక్కచో అమాయకుని ప్రాణము పోవుటకు గూడ అది కారణమగుచున్నది. ఫోనులో మనతో మాట్లాడుచున్నది ఎవరు? మన సంగతులు ఎవరి చేతికి పోవుచున్నవి? ఎవరిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నలను మీ యెదుట నుంచుచున్నాము.

నమ్మకమునకు మన గ్రామములలో చిరకాలముగా ఒక పద్ధతి కలదు. క్రొత్తవాడు ఊరిలో అడుగిడినచో రచ్చబండపై నున్న పెద్ద "ఎవరి తాలూకు, నాయనా?" అని అడుగును. అతడు ఫలానావారి అల్లుడననియో, మేనల్లుడననియో చెప్పును. అది నిజమో కాదో పది నిమిషములలో తేలిపోవును. అప్పు పత్రముపై సాక్షులు సంతకము చేయుదురు. చేవ్రాలు రానివారు నిశాని వేయుదురు. పిల్ల నిచ్చుటకు ముందు అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు చూడవలెనందురు. ఇవి యన్నియు ఒక్క పనికే ఏర్పడినవి. ఎదుటివాడు తాను చెప్పుకొన్న మనిషియేనా అని తెలిసికొనుటకు ఏర్పడినవి.

సెల్‌ఫోను వచ్చిన పిమ్మట మన ఊరివారు మరియొక ఊరిలో గూడ నివసించుచున్నారు. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, పిల్లలు చేరి ఆడుకొను ఫోను ఆటలు - ఇదంతయు పొలిమేర లేని ఊరు. అందు రచ్చబండ కలదు, సంత కలదు, ఆటస్థలము కలదు, సంబంధములు కుదుర్చు పెండ్లిండ్ల పేరయ్యలు గూడ కలరు. ఒక్కటి మాత్రము లేదు. "ఎవరి తాలూకు?" అని అడుగు పెద్ద లేడు. ఆ లోటు తీర్చదగినది పంచాయతీయే అని మా అభిప్రాయము.

వేషము వేరు, మోసము వేరు

పగటివేషగాండ్రను మీలో పెద్దవారు చూచియుందురు. ఒకనాడు సోమయాజులు, ఒకనాడు ఫకీరు, మరియొకనాడు అర్ధనారీశ్వరుడు. చూచువారు నవ్వుకొనెడివారు, ఒక్కొక్కప్పుడు నిజమని భ్రమపడెడివారు. కాని చివరి దినమున అతడు వేషము తీసి, తన ముఖముతో ఇంటింటికి వచ్చి సంభావన అడిగెడివాడు. రచయితలలోను మారుపేర్లు కలవు. భాగవతుల శంకరశాస్త్రిగారు ఆరుద్ర అను పేరుతో వ్రాసిరి. బీనాదేవి అను పేరు భార్యాభర్త లిరువురిది. వీరి వలన ఎవరును మోసపోలేదు.

కాన పేరు మార్చుకొనుట దానంతట అది దోషము కాదు. ఇంటిలో దెబ్బలు తినుచున్న స్త్రీ తన పేరు చెప్పక సలహా కోరవచ్చును. క్షయరోగి తన ఊరు పేరు చెప్పక వైద్యుని ప్రశ్నింపవచ్చును. రేషను సరుకులలో తూకము తగ్గినదని తెలిసినవాడు భయము చేత పేరు దాచి ఫిర్యాదు చేయవచ్చును. ఇట్టివారికి మరుగు అవసరము. "దాగినవాడెల్ల దొంగ" అను మాట పంచాయతీవారి నోట రాకూడదు.

అట్లయిన దోషమెచట నున్నది? వేషములో నున్నవాడు మన నుండి ఏమి పుచ్చుకొనుచున్నాడో చూచిన తెలియును. డబ్బు గాని, అంకె గాని, వ్రేలిముద్ర గాని, ఫొటో గాని అడిగిన క్షణముననే ఆ వేషము ఆట కాకుండపోవును. అప్పుడు "ఎవరి తాలూకు?" అని అడిగి తీరవలెను.

మూడు తాళములు

ఫోనులో గుర్తింపు ఎట్లు జరుగునో కొంచెము తెలిసికొందము. వాట్సాప్‌లో కనబడు పేరును, బొమ్మను ఎవరైనను పెట్టుకొనవచ్చును. తహసీల్దారుగారి ఫొటో ఉన్నంత మాత్రమున అది తహసీల్దారుగారి ఫోను కాదు. తెరపై కనబడు పేరు గోడమీద వ్రాసిన పేరు వంటిది. వ్రాసినవాడెవడో గోడ చెప్పదు.

నిజమైన గుర్తింపునకు మూడు తాళములు కలవు. మనకు మాత్రమే తెలిసిన రహస్యము మొదటిది, అనగా పిన్ సంఖ్య. మన చేతిలో నున్న వస్తువు రెండవది, అనగా సిమ్ కార్డు ఉన్న ఫోను. మన దేహమే మూడవది, అనగా వ్రేలిముద్ర, కనుపాప, ముఖము. బ్యాంకువారు పంపు ఓ.టి.పి. అను అంకెలు రెండవ తాళమునకు చెందినవి. ఈ ఫోను నిజముగా ఆ మనిషి చేతిలోనే ఉన్నదా అని పరీక్షించుటకు పంపబడునవి. ఆ అంకెలను పరాయివానికి చదివి వినిపించుట, తాళపుచెవిని కిటికీగుండ అందించుట వంటిది.

మూడవ తాళమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. పిన్ సంఖ్య బయటపడినచో మార్చుకొనవచ్చును. సిమ్ పోయినచో క్రొత్తది తెచ్చుకొనవచ్చును. వ్రేలిముద్ర బయటపడినచో క్రొత్త వ్రేలు రాదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్ము ఒక వ్యక్తి, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులపై నున్న వ్రేలిముద్రలను తీసికొని, రబ్బరు అచ్చులుగా పోసి, వానితో ఇతరుల పేర సిమ్ కార్డులను చేతనము చేసి పట్టుబడెను. ఆ భూయజమానులు చేసిన తప్పేమియు లేదు. చట్టము కోరినట్లు దస్తావేజుపై ముద్ర వేసిరి, అంతే. కాగితము భద్రము కాకపోయినందున వారి దేహపు గుర్తే దొంగిలింపబడినది. ఊరి కాగితములు మీ చేతులలో నుండును గాన ఈ సంగతి మీకు చెప్పుచున్నాము.

ఈ అపాయమునకు ఒక ఉపాయము కలదు. ఆధార్ సంస్థవారు వ్రేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును కల్పించిరి. ఆధార్‌తో జతపరచిన ఫోనుండిన ఎవరైనను దీనిని చేసికొనవచ్చును. కాని తాళము వేసిన పిమ్మట పింఛనుకును, రేషనుకును గూడ ఆ ముద్ర పనిచేయదు. మరల తెరచుకొనవలెను. తెరచు పద్ధతి తెలియని ముసలివారికి తాళము వేయించి వదలిన, నెల మొదట పింఛను రాక వారు బాధపడుదురు. కాన ఇంటిలో ఒకరికైనను రెండు పద్ధతులును నేర్పిన తరువాతనే వేయించవలెను. ఈ విషయమై ఆధార్ వారి ఫోను సంఖ్య 1947.

బ్యాంకు మిత్ర వద్ద వ్రేలుంచి డబ్బు తీసికొనువారు ప్రతిసారియు చీటీ అడిగి పుచ్చుకొనవలెను. "ముద్ర పడలేదు, మరల వేయుము" అని చెప్పినచో, మొదటిసారి డబ్బు పోయినదో లేదో చూచిన తరువాతనే రెండవసారి వ్రేలుంచవలెను.

ఆవలివాడెవడు?

ఇక డబ్బు అపహరించు వేషములను చూతము. బ్యాంకు అధికారి వేషము, విద్యుత్తు శాఖ వేషము, ఆపదలో నున్న బంధువు వేషము, చివరకు పోలీసు వేషము. "నీ పేర మత్తుమందుల పొట్లము పట్టుబడినది, ఫోను ముందునుండి కదలరాదు, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి" అని బెదిరించి, రోజుల తరబడి ఇంటిలోనే బంధించినట్లు చేసి, సొమ్ము లాగుచున్నారు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో దీనిని గూర్చి దేశప్రజలను హెచ్చరించిరి. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములలో లేనే లేదు. ఫోను ద్వారా అరెస్టు చేయు పోలీసు లేడు. విచారణ పేర సొమ్మును ఖాతాలోనికి పంపుమను న్యాయస్థానము లేదు. మరియొక మాట గూడ గ్రామసభలో చెప్పుడు. ఫోను ద్వారా డబ్బు పంపుటకు పిన్ కావలెను గాని, పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. "నీకు డబ్బు వచ్చును, పిన్ నొక్కుము" అన్నవాడు మోసగాడు.

పూర్వము మోసగాని గొంతును బట్టి పోల్చుకొనుట కొంత సులభముగ నుండెడిది. ఇప్పుడు గొంతును, ముఖమును గూడ యంత్రము అనుకరించుచున్నది. 2023 నవంబరులో చలనచిత్ర నటి రష్మిక మందన్న ముఖమును మరియొక స్త్రీ దేహమునకు అతికించిన వీడియో దేశమంతట వ్యాపించెను. ఈ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు మన గుంటూరు జిల్లావాడే. ఇట్టి పని ఎచటనో విదేశములలో జరుగుననుకొనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది. కాన కుమారుని గొంతు వినబడినను, "ఆపదలో నున్నాను, వెంటనే డబ్బు పంపుము" అన్నచో, ఫోను పెట్టివేసి, మనకు ముందునుండి తెలిసిన సంఖ్యకు మనమే ఫోను చేయవలెను. ఒక దారిని వచ్చిన వార్తను మరియొక దారిని విచారింపవలెను. మా ప్రసంగమంతయు మరచిపోయినను ఈ ఒక్క సూత్రము గుర్తుంచుకొన్న చాలును.

ఆవలివాడెవడో తెలిసిన, కోపముతోపాటు జాలియు కలుగును. 2024 మే నెలలో కంబోడియా దేశమునందలి సిహనూక్‌విల్ నుండి మన యువకులు కొందరు విశాఖపట్నమునకు తిరిగి వచ్చిరి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు వారిని తీసికొనిపోయిరి. అచట వారిని నిర్బంధములో నుంచి, బూటకపు పేర్లతోను, ఆడువారి బొమ్మలతోను ఖాతాలు తెరిపించి, స్వదేశీయులనే మోసగింపుమని బలవంతపెట్టిరి. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దులోని ఇట్టి స్థావరముల నుండి విడుదలయైన అయిదువందలమందికి పైగా భారతీయులను ప్రభుత్వము విమానములలో తీసికొనివచ్చినది. వారిలోను తెలుగువారు కలరు. కాగా మోసపోయినవాని ఊరును, మోసము చేయుటకు బంధింపబడినవాని ఊరును ఒకే మండలములో నుండవచ్చును. విదేశీ ఉద్యోగమునకు బయలుదేరు యువకుడు పంచాయతీకి వచ్చినచో, ఆ ఏజెంటు పేరు విదేశాంగ మంత్రిత్వశాఖ వారి ఈ-మైగ్రేట్ జాబితాలో నున్నదో లేదో చూచి పంపుట మీ ధర్మము.

వదంతి తెచ్చిన మృత్యువు

సొమ్ము పోయిన మరల సంపాదించుకొనవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో రైన్‌పాడా అను చిన్న గ్రామము కలదు. 2018 జూలై 1వ తేదీ అచట సంత దినము. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఆ ప్రాంతమంతట వాట్సాప్ వార్తలు వ్యాపించియుండెను. భిక్షాటనతో జీవించు సంచారజాతికి చెందిన అయిదుగురు పురుషులు ఆ ఊరికి వచ్చిరి. జనులు వారిని అనుమానించి, పట్టుకొని, ఒక గదిలోనికి ఈడ్చుకొనిపోయి కొట్టి చంపిరి. ఆ గది ఏదో తెలియునా? గ్రామ పంచాయతీ కార్యాలయమే. న్యాయము జరుగవలసిన గదిలోనే, "మీరెవరి తాలూకు?" అని శాంతముగ విచారించువాడు లేక, అయిదు ప్రాణములు పోయినవి. ఆ దినములలో దేశమంతట తిరిగిన ఒక వీడియో, పిల్లల భద్రతను గూర్చి తలిదండ్రులను హెచ్చరించుటకై పాకిస్తానులోని కరాచీలో తీయబడిన చిత్రము. అందలి చివరి భాగమును కత్తిరించి, ఇది మన దేశములో జరిగినదని పంపిరి.

తెలంగాణలోను ఆ వేసవిలో ఇట్టి వదంతులు వ్యాపించి కొన్నిచోట్ల అమాయకులు చనిపోయిరి. కాని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో అట్లు జరుగలేదు. అప్పటి పోలీసు సూపరింటెండెంటు శ్రీమతి రెమా రాజేశ్వరిగారు ముందుగనే మేల్కొనిరి. గ్రామమున కొక పోలీసు చొప్పున దాదాపు 400 గ్రామములలో నియమించియుండుటచే, జనులు పెందలకడనే తలుపులు వేసికొనుచున్నారని, ఆరుబయట పడుకొనుట మానిరని ఆ పోలీసుల ద్వారా తెలిసికొనిరి. పిమ్మట డప్పు కొట్టించి, జానపద గాయకులచే పాటలు పాడించి, ఫోనులో వచ్చిన బొమ్మలు అబద్ధములని ఊరూర చెప్పించిరి. సర్పంచులను గూడ ఈ పనిలో కలుపుకొనిరి. ఆ ఊళ్లలో ఒక్క ప్రాణము గూడ పోలేదు.

ఈ రెండు సంఘటనలును ఒకే యేట జరిగినవి. ఫోనులు ఒకటే, వదంతియు ఒకటే. ఒకచోట ఊరికి తెలిసిన మనిషి ముందుగా నిలబడి మాట్లాడెను, మరియొకచోట ఎవరును నిలబడలేదు. తేడా ఇంతే. దేశములో జరిగిన ఈ హత్యల పిమ్మట, ఒక వార్తను ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాకుండ వాట్సాప్ వారు 2018 జూలైలో మన దేశమున పరిమితి విధించిరి. కాని అయిదు చోట్లకు పంపిన అబద్ధము గూడ అబద్ధమే. సర్పంచి ఫోనునుండి వెడలిన వార్తకు జనులు సర్పంచి మాటకిచ్చు విలువ నిత్తురు. కాన మీరు పంపు ప్రతి వార్తయు మీ సంతకముతో వెడలిన కాగితమే అని యెంచుడు.

లెక్క బహిరంగము - గుట్టు భద్రము

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని పెద్దలు ఊరక అనలేదు. గుట్టు అనగా తప్పు దాచుకొనుట కాదు. తన సంగతి ఎవరికి చెప్పవలెనో తానే నిర్ణయించుకొను అధికారము. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, జస్టిస్ పుట్టస్వామిగారు వేసిన కేసులో, ఇది రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. ఈ హక్కు పట్టణములలోని ధనికులకు మాత్రమే గాక, రేషను దుకాణము ముందు వరుసలో నిలబడిన వృద్ధురాలికి గూడ ఉన్నది.

ఆమె గుట్టు ఎచట బయటపడుచున్నదో విచారించిన, దొంగల వద్దనే కాదు, ఒక్కొక్కప్పుడు కార్యాలయముల వద్దను బయటపడుచున్నది. దేశములో దాదాపు 210 ప్రభుత్వ వెబ్‌సైట్లలో లబ్ధిదారుల పేర్లతోపాటు ఆధార్ సంఖ్యలు గూడ బహిరంగముగ పెట్టబడియుండెనని, వానిని తొలగింపజేసితిమని ఆధార్ సంస్థవారే 2017లో తెలిపిరి. వాని నుంచినవారికి దురుద్దేశము లేదు. జాబితా పూర్తిగ నుండవలెనను ఉత్సాహమే కారణము. మన పంచాయతీ నోటీసు బోర్డుపై అతికించు జాబితాలోను, పంచాయతీ వాట్సాప్ గ్రూపులోనికి పంపు ఫొటోలోను ఈ ఉత్సాహమే పనిచేయుచుండును. 2016 నాటి ఆధార్ చట్టము ఆధార్ సంఖ్యను బహిరంగముగ ప్రచురించుటను, ప్రదర్శించుటను నిషేధించుచున్నది.

ఇచట మీకొక ధర్మసందేహము కలుగవచ్చును. "లెక్కలు దాచరాదని మీరే చెప్పుదురు, జాబితాలు బయట పెట్టరాదని మీరే చెప్పుదురు, మేమేమి చేయవలెను?" అని అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ జరిగినప్పుడు, ఎవరికి ఎన్ని పనిదినములు, ఎంత కూలి అని గ్రామసభలో చదివి వినిపించుటచేతనే చనిపోయినవారి పేర, ఊరిలో లేనివారి పేర వ్రాసిన దొంగ లెక్కలు బయటపడినవి. ఆ చదువుట ఆగిపోయినచో దొంగలే సంతోషింతురు.

కాన గీత ఎచట గీయవలెనో తెలిసికొందము. పంచాయతీ డబ్బు ఎవరి పేర, ఏ పనికి, ఎంత ఖర్చయినదో అది ఊరి సొత్తు. దానిని బిగ్గరగా చదువవలెను. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య, వ్రేలిముద్ర, వ్యాధి వివరము - ఇవి ఆ మనిషి సొత్తు. లెక్క తేల్చుటకు ఇవి అక్కరలేదు. రంగమ్మకు పింఛను వచ్చినదని ఊరికి తెలియవలెను. రంగమ్మ ఖాతా సంఖ్య ఊరికి తెలియనక్కరలేదు. సొమ్ము లెక్కను దాచు పంచాయతీయు, మనిషి గుట్టును చాటు పంచాయతీయు రెండును తప్పు చేయుచున్నవే. వ్యక్తుల సమాచారమును రక్షించుటకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగ అమలునకు నిర్ణయింపబడినవి. చట్టము భయమున కంటె, మన తల్లి కాగితమైన ఎట్లు దాచుదుమో అట్లే ఊరివారి కాగితము దాచుట మేలు.

ఆడువారు, పిల్లలు

బూటకపు పేరుతో పరిచయము చేసికొని, ఫొటో సంపాదించి, దానిని బయటపెట్టుదునని బెదిరించువారు కలరు. ఇట్టి ఫిర్యాదు పంచాయతీ పెద్దల వద్దకు వచ్చినప్పుడు మొట్టమొదట వినబడు మాట, "ఆ పిల్ల ఫోను ఎందుకు పట్టుకొనవలెను?" అనునది. ఈ మాట విన్న తరువాత రెండవ ఆడుబిడ్డ ఫిర్యాదు చేయుటకు రాదు. మోసగానికి కావలసినదియు అదియే. అతని బలమంతయు ఆమె సిగ్గులోను, మన నిందలోను ఉన్నది. వేరొకరి గుర్తింపును దొంగిలించుట, వేరొకరి వేషమున మోసగించుట, స్త్రీ పురుషుల మరుగును భంగపరచు చిత్రములు తీయుట, పంపుట - ఇవి యన్నియు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము మూడు సంవత్సరముల వరకు ఖైదు విధింపదగిన నేరములు. నేరస్థుడు పంపినవాడే గాని, ఫొటోలో నున్న పిల్ల కాదు. ఆ ఫొటోను "చూడుడు, ఎంత ఘోరము" అని మరొకరికి పంపువాడు గూడ నేరములో పాలుపంచుకొనుచున్నాడు. ఊరి పెద్దలు దానిని చూడవలసిన పనియే లేదు. స్త్రీల సహాయమునకు 181, పిల్లల సహాయమునకు 1098 సంఖ్యలు కలవు.

పిల్లల ఆటలలో తోటి ఆటగాడు పదేండ్ల బాలుని బొమ్మతో కనబడును. అతడు నలుబదియేండ్లవాడు కావచ్చును. పిల్లలను భయపెట్టిన వారు మన వద్ద దాచుదురే గాని మానరు. పేరు, బడి, ఇల్లు, ఫొటో ఆటలో ఎవరికిని చెప్పరాదని, ఎవరైన అడిగినచో ఇంటిలో చెప్పవలెనని, చెప్పినందుకు కొట్టబోమని మాట ఇచ్చుట మంచిది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెముతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించినదని యువకులకు తెలుపుడు.

విమర్శ వేరు, నేరము వేరు

సర్పంచులకు ప్రత్యేకముగ ఒక మాట. ఊరి గ్రూపులో ఎవరో మారుపేరుతో "కాలువ పని సరిగా జరుగలేదు" అని వ్రాయుదురు. వాడెవడో పట్టుకొనవలెనని ఉద్రేకము కలుగుట సహజము. కాని కాలువ సరిగా లేకపోవుట నిజమైనచో పట్టుకొనవలసినది కాలువనే గాని వ్రాసినవానిని కాదు. నచ్చని మాటలు వ్రాసినవారిని అరెస్టు చేయుటకు వీలు కల్పించిన 66ఎ అను నిబంధనను సుప్రీంకోర్టు 2015 మార్చి 24వ తేదీన కొట్టివేసినది. విమర్శ వ్రాసినవారిని వేధించు ఊరిలో దొంగలను గూర్చి చెప్పువారు గూడ ఉండరు. నిజము చెప్పువానికి పంచాయతీ అండ కలదని తెలిసిననాడు మారుపేర్లు వానంతట అవే తగ్గును.

మనము చేయవలసిన పనులు

మాటలు చాలించి పనులు చెప్పెదము. వీనికి నిధులు అక్కరలేదు.

మొదటిది: పంచాయతీ కార్యాలయములో నున్న ఆధార్ నకళ్లు, ఫొటోలు, దరఖాస్తులు ఎన్ని యున్నవో లెక్కించి, అవసరమైనవి తాళము వేసిన బీరువాలో నుంచి, అవసరము తీరిన నకళ్లను కార్యదర్శి నిబంధనల ప్రకారము నాశనము చేయించవలెను. పాత నకళ్లు పొట్లములు కట్టుటకు దుకాణములకు పోరాదు. ఆధార్ నకలు అవసరమైనచో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు నకలును తీసికొన్న చాలునేమో విచారింపవలెను.

రెండవది: నోటీసు బోర్డుపైనను, పంచాయతీ గ్రూపులోనను ఉన్న జాబితాలను చూచి, సొమ్ము వివరముల నుంచి, వ్యక్తుల సంఖ్యలను తొలగింపవలెను. గ్రూపులో ఎవరెవరున్నారో ఆరు నెలల కొకసారి చూడవలెను. ఊరివారు కాని సంఖ్యలుండిన "ఎవరి తాలూకు?" అని అడుగవలెను.

మూడవది: వార్తలు విచారించుటకు ఊరిలో ఇద్దరు ముగ్గురిని ఏర్పరచవలెను. వారిలో ఒక స్త్రీ తప్పక ఉండవలెను. భయము కలిగించు వార్త వచ్చినప్పుడు వారు పోలీసు స్టేషనుకు ఫోను చేసి, నిజము తెలిసికొని, మైకు ద్వారానో, దండోరా ద్వారానో ఊరికి చెప్పవలెను. క్రొత్తవారిపై అనుమానము కలిగినచో వారిని కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, పోలీసులకు తెలుపవలెను. రైన్‌పాడాలో లోపించినది ఈ మర్యాదయే.

నాలుగవది: 1930 అను సంఖ్యను కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. డబ్బు మోసములకు ఇది దేశమంతటికి సహాయ సంఖ్య. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తుచుండును. ఫిర్యాదు ఎంత త్వరగా చేరిన, ఆ సొమ్మును దారిలో నిలుపుటకు అంత అవకాశము. మరునాడు చూతమనుకొన్నచో అది చేయి దాటిపోవును. ఇట్టి ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను వెబ్‌సైటులోను ఇయ్యవచ్చును. తన పేర ఎన్ని సిమ్ కార్డులున్నవో సంచార్ సాథీ వెబ్‌సైటులో ఎవరైన చూచుకొనవచ్చును. చదువుకొన్న యువకులు దీనిని పెద్దలకు చూపింపగలరు.

అయిదవది: మోసపోయినవారిని నవ్వరాదు. ఊరు నవ్వుననెడి భయముచేతనే అనేకులు నష్టమును దాచుకొనుచున్నారు. దాచిన ప్రతి మోసమును పొరుగింటివారికి గూడ జరుగును. గ్రామసభలో "మోసపోయితిని" అని లేచి చెప్పినవానిని గౌరవింపుడు. అతడు పదిమందిని కాపాడినవాడు.

సోదరీ సోదరులారా, పొలిమేర లేని ఆ ఊరిలో పోలీసు స్టేషను దూరముగ నుండును, న్యాయస్థానము ఇంకను దూరముగ నుండును, పంచాయతీ మాత్రము ప్రక్కనే ఉండును. భయపడిన తల్లి తలుపు తట్టునది మీ యింటినే. "ఇది నిజమా, బాబూ?" అని ఆమె అడుగునప్పుడు, ఆమెను వెక్కిరింపక, తొందరపడక, రెండవ దారిని విచారించి సమాధానము చెప్పగలిగినచో, అట్టి ఊరిని ఏ వేషధారియు మోసగింపలేడు. ఆమె మీ చేతికిచ్చిన కాగితము మరియొకరి చేతికి పోకుండ చూచినచో, ఆమె నమ్మకము మీయందు స్థిరముగ నిలుచును. ఈ రెండు పనులును ఈ నెలలోనే ఆరంభింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.